రోడ్ బైక్‌కు సస్పెన్షన్ కావాలా? ముందు టైర్లో గాలి చూసుకోండి

రోడ్ బైక్ కొనాలనుకునేవాళ్లు మన జిల్లాల్లో ముందుగా అడిగేది గేర్ల గురించి కాదు, బరువు గురించీ కాదు. "మన రోడ్లకు షాకబ్జర్లు లేకుంటే నడుస్తదా అన్నా?" అని. అడగడంలో తప్పు లేదు. నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ మీదుగా మిర్యాలగూడ పోయే నాలుగు లైన్ల రోడ్డు మీద చక్రం ఎంత సాఫీగా తిరుగుతుందో, అక్కడి నుంచి ఏదో ఒక ఊరి రోడ్డుకు దిగగానే ఒళ్లు అంత హూనమవుతుంది. దమ్ము చేసిన ట్రాక్టర్లు కేజ్‌వీల్స్ తీయకుండా తారు మీదికి ఎక్కితే పడే గాట్లు చూసే ఉంటారు, అడ్డంగా, వరసగా, అరకిలోమీటరు దాకా. సన్న టైర్లో గాలి నిండా కొట్టుకుని వాటి మీద పోతే బాటిల్ ఎగిరి కింద పడుతుంది.

నా జవాబు ముందే చెప్పేస్తా. సస్పెన్షన్ చాలామందికి అక్కర్లేదు. వెడల్పు టైరు అందరికీ కావాలి. డిస్క్ బ్రేకులు తీసుకోవచ్చు. మిగతా కొత్త టెక్నాలజీ అంతా ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది: ఆదివారం పొద్దున హాలియాలోనో అచ్చంపేటలోనో అది మొరాయిస్తే, అక్కడ దొరికే సామానుతో మళ్లీ కదులుతుందా లేదా?

సస్పెన్షన్ మీ సైకిల్‌కు ఇప్పటికే ఉంది

1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల సైకిల్‌కు గాలి టైర్లు చేసి బిగించాడు, పిల్లాడికి కుదుపులు తగ్గాలని. మరుసటి ఏడాదే ఆ టైర్లతో విల్లీ హ్యూమ్ అనే రైడర్ రేసులు గెలిచాడు. అంటే కుదుపు తగ్గించడానికి పుట్టిన వస్తువే స్పీడు కూడా పెంచింది, ఇది ఇప్పటికీ చాలామంది నమ్మరు, టైరు రాయిలా ఉంటేనే సైకిల్ ఉరుకుతుందని వాళ్ల లెక్క. నున్నటి తారు మీద ఆ లెక్కలో కొంత నిజం ఉంది. గరుకు రోడ్డు మీద లేదు, ఎందుకంటే అక్కడ టైరు వంగకపోతే సైకిల్, దానితోపాటు మీరు, ప్రతి గతుకుకూ పైకి లేస్తారు. మిమ్మల్ని పైకి లేపే బలం ఎక్కడినుంచో రాదు, మీరు పెడల్ మీద పెట్టిన బలంలోంచే పోతుంది. రేసుల వాళ్లు 23 ఎంఎం వెడల్పు టైర్లు వదిలి 28, 30కి వచ్చింది సుఖం కోసం ఒక్కటే కాదు.

సస్పెన్షన్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) పనిచేయాలంటే చక్రం మొత్తం పైకి కదలాలి, లోపల సీళ్ల రాపిడిని దాటాలి. పెద్ద గుంతకు కదులుతుంది గాని, కంకర తేలిన రోడ్డు మీద చేతులను గంటలకొద్దీ తిమ్మిరెక్కించే సన్న వణుకు ఉంటుంది కదా, దానికి చాలా ఫోర్కులు కదలనే కదలవు. టైరుకు ఆ రాపిడి లేదు, అదనపు బరువు కూడా పెద్దగా లేదు.

రేసుల్లో ప్రయత్నించలేదా అంటే, ప్రయత్నించారు, గెలిచారు కూడా. ఫ్రాన్స్‌లో పారిస్-రూబే అని ఒక రేసు, అందులో యాభై కిలోమీటర్లకు పైగా బండరాళ్లు పరిచిన పాత దారులే. 1992, 1993లో జిల్బేర్ డ్యుక్లో-లసాల్, 1994లో ఆంద్రే చిమిల్ రాక్‌షాక్స్ కంపెనీ సస్పెన్షన్ ఫోర్కులతోనే ఆ రేసు గెలిచారు. మూడేళ్లు వరసగా గెలిచిన వస్తువు ఆ తర్వాత మెల్లగా కనపడకుండా పోయింది, బరువు ఒక కారణం, నిర్వహణ లొల్లి ఇంకొకటి. ఇప్పుడు అదే రాళ్ల మీద వెడల్పు టైర్లతో, తక్కువ గాలితో ఆ రోజుల కంటే చాలా వేగంగా పోతున్నారు. రేసు సైకిల్‌కు సస్పెన్షన్ కావాలని గట్టిగా వాదించేవాళ్లు ఈ ముక్క దగ్గర కొంచెం ఆగాలి.

గాలి సెట్ చేసుకోవడం

ముందు మీ ఫ్రేములో ఎంత టైరు పడుతుందో చూడండి. ఇప్పుడున్న టైరుకూ ఫ్రేముకూ మధ్య, రెండు పక్కలా, పైన కూడా, 4 ఎంఎం అలెన్ కీ పెట్టి తిప్పండి. కీ తగలకుండా తిరిగితే సరిపోయింది, ఇంకా బాగా ఖాళీ ఉంటే ఒక సైజు పెద్ద టైరు వేయొచ్చు. చక్రం అంచును పట్టే రిమ్ బ్రేకుల పాత రోడ్ బైకుల్లో ఎక్కువగా 25, బాగుంటే 28 దగ్గర ఆగిపోతుంది, బ్రేకు కాలిపరే (ప్యాడ్లను పట్టే భాగం) అడ్డం వస్తుంది. డిస్క్ బ్రేకుల ఫ్రేముల్లో 32 చాలావాటికి పడుతుంది. మన రోడ్లకు నా ఓటు 32కే, అది పట్టకపోతే 28. ఈ 4 ఎంఎం ఖాళీని చిన్నచూపు చూడకండి, వానాకాలంలో నల్లరేగడి అంటుకుంటే చక్రం ఫోర్కులో ఇరుక్కుని నిలబడిపోతుంది.

75 కిలోల మనిషి, లోపల మామూలు ట్యూబు అనుకుందాం. 25 ఎంఎం టైరుకు వెనక 85 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), ముందు 80. 28కి 72, 68. 32కి 56, 52. ఇవి మొదలుపెట్టడానికి మాత్రమే, మీ బరువు ఐదు కిలోలు ఎక్కువో తక్కువో అయితే రెండు మూడు పీఎస్ఐ అటూ ఇటూ జరపండి. టైరు పక్కన, రిమ్ము మీద రాసిన గరిష్ఠం ఎప్పుడూ దాటకండి. ఇంటి దగ్గర గరుకూ నునుపూ రెండూ ఉన్న ఒకటి రెండు కిలోమీటర్ల దారి ఎంచుకుని, పోయి వచ్చి నాలుగు పీఎస్ఐ తగ్గించి, మళ్లీ పోయి రండి. గాలి ఎక్కువుంటే చేతులకు తెలుస్తుంది, కంకర మీద చూపు కూడా అదురుతుంది. మరీ తక్కువైతే స్పీడ్ బ్రేకర్ మీద రిమ్ము 'టక్' మని కొడుతుంది, మలుపులో వెనక చక్రం పక్కకు జారినట్టు ఊగుతుంది. టక్ అని వినపడిన దగ్గర నుంచి నాలుగైదు పీఎస్ఐ పైకి రండి, అదే మీ నంబరు. ట్యూబు విప్పినప్పుడు పక్కపక్కనే రెండు చిన్న చీలికలు కనిపిస్తే అది ముల్లు కాదు, గాలి తక్కువై రిమ్ముకూ రాయికీ మధ్య నలిగింది.

మే నెలలో ఇంకో విషయం. పొద్దున ఐదున్నరకు చల్లగా ఉన్నప్పుడు 75 కొట్టి బయలుదేరితే, పదింటికి సాగర్ రోడ్డు కాలిపోతున్నప్పుడు అదే టైర్లో ఐదారు పీఎస్ఐ పెరిగి ఉంటుంది. కాబట్టి ఎండాకాలం గరిష్ఠానికి ఆనించి కొట్టకండి. గేజీ ఉన్న నిలువు పంపు ఒకటి ఇంట్లో ఉండాలి, ఈ మొత్తం గైడులో కొనక తప్పనిది అదే. పంక్చర్ షాపు కంప్రెసర్ లారీ టైర్ల కోసం ఉన్నది, మన టైర్లో పట్టే గాలి ఎంతని, ఒక్క క్షణం ఎక్కువ పట్టుకుంటే లెక్క తప్పుతుంది. పైగా సన్న వాల్వుకు అడాప్టర్ కావాలి, అది చిన్న ఇత్తడి బుడిపె, పది గ్రాములు ఉండదు, సీటు కింద బ్యాగులో పడేసుకోండి.

ఇంత చేశాక కూడా చేతులు నొప్పి పెడితే, సస్పెన్షన్ వైపు చూసే ముందు హ్యాండిల్ ఎత్తు చూడండి. మోచేతులు నిటారుగా బిగుసుకుని ఉంటే ఏ షాకబ్జరూ కాపాడదు. స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే ముక్క) తిరగేసి పెడితే హ్యాండిల్ కొంచెం పైకి వస్తుంది, పైసా ఖర్చు లేదు. హ్యాండిల్ టేపు రెండు పొరలు చుట్టడం కూడా పాత పద్ధతే, బాగా పనిచేస్తుంది.

అయినా కావాలంటే ఏ సస్పెన్షన్

కొందరికి నిజంగానే కావాలి. మణికట్టు ఒకసారి విరిగినవాళ్లు, మెడ నొప్పి ఉన్నవాళ్లు, 200 కిలోమీటర్ల బ్రెవేలు, అంటే గడువు పెట్టిన దూరపు రైడ్లు, తొక్కేవాళ్లు (దానికి 13 గంటల 30 నిమిషాల టైం ఇస్తారు, అంతసేపు హ్యాండిల్ పట్టుకుంటే చేతులకు ఏమవుతుందో ఊహించుకోండి). వీళ్లకు కూడా చక్రాన్ని కాకుండా మనిషిని మోసే సస్పెన్షనే మేలు. స్పెషలైజ్డ్ కంపెనీ వాళ్లు 2016లో రూబే మోడల్‌కు పెట్టిన ఫ్యూచర్ షాక్ ఆ రకమే, హ్యాండిల్ కింద 20 ఎంఎం కదులుతుంది, ఫోర్కు మాత్రం గట్టిగానే ఉంటుంది. ట్రెక్ కంపెనీ డొమానేలో 2012 నుంచి సీటు కింది పైపు ఫ్రేము నుంచి విడిగా కొంచెం వంగుతుంది. రెండూ బాగానే పనిచేస్తాయి, కాకపోతే ఆ పార్టు చెడితే ఆ కంపెనీ డీలరు దగ్గరికే పోవాలి, అంటే హైదరాబాద్.

అందుకే నేను రబ్బరు ముక్కలతో పనిచేసే స్టెమ్‌నే సిఫారసు చేస్తా. చాలా సైకిళ్లకు పడుతుంది, నచ్చకపోతే అరగంటలో విప్పేసి పాతది పెట్టుకోవచ్చు. దానితోపాటు మెత్తవీ గట్టివీ రబ్బర్లు వస్తాయి, మీ బరువుకు తగ్గది వేసి ఒకసారి తిరిగి రండి. బ్రేకు గట్టిగా పట్టినప్పుడు హ్యాండిల్ కిందికి కూలినట్టు అనిపిస్తే ఒక మెట్టు గట్టి రబ్బరు వేయండి, గతుకుల మీద తేడానే తెలియకపోతే మెత్తది. మీ బరువుకు అది కొంచెం దిగుతుంది కాబట్టి బిగించేటప్పుడే హ్యాండిల్ ఒక పిసరు పైకి పెట్టుకోండి. బోల్టులు దాని మీద రాసిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించాలి, ఎక్కువగా 5 న్యూటన్ మీటర్లు ఉంటుంది, కార్బన్ హ్యాండిల్ అయితే టార్క్ రెంచ్ లేకుండా చేయి పెట్టకండి.

ఇక వద్దని ఖరాఖండిగా చెప్పేది, తక్కువ ధర హైబ్రిడ్ సైకిళ్లకు వచ్చే స్ప్రింగు ఫోర్కు. "సస్పెన్షన్ ఉంది, డిస్క్ ఉంది, 21 గేర్లు" అని షాపులో పాటలా చదువుతారు. ఆ ఫోర్కు ఒక్కటే రెండు కిలోలు దాటొచ్చు, మంచి కార్బన్ ఫోర్కు నాలుగు వందల గ్రాముల దగ్గర ఉంటుంది. షాపులోనే ఒక పరీక్ష చేయండి: ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. ఫోర్కు రెండు గొట్టాలు కలిసే చోట వేలు పెడితే సన్నగా టకటక కదలిక తెలుస్తుంది. కొత్తప్పుడే అలా ఉందంటే, రెండు వానాకాలాలు పోయాక గొట్టాల మీద తుప్పు చుక్కలు వచ్చి, కిందికి పోయినది పైకి రాదు. అదే డబ్బుకు సస్పెన్షన్ లేని, వెడల్పు టైరు పట్టే సైకిల్ అడగండి. సేల్స్ అబ్బాయి వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

డిస్క్ బ్రేకులు

దీని మీద రేసుల్లో పెద్ద గొడవే అయింది. ప్రపంచ సైక్లింగ్ సంఘం యూసీఐ 2015లో ట్రయల్ మొదలుపెట్టింది, 2016 పారిస్-రూబేలో ఒక రైడర్‌కు కాలు కోసుకుపోవడంతో ఆపేసింది, చివరికి 2018లో పూర్తిగా ఒప్పుకుంది. మనకు ఆ గొడవతో పని లేదు, మనకు పని ఎర్రమట్టితో. పాలమూరు చెలకల పక్క రోడ్ల మీద వానలో పోతే ఇసుక కలిసిన ఎర్రటి బురద రిమ్ముకు పట్టి, బ్రేకు వేసినప్పుడల్లా రబ్బరు ప్యాడ్ల మధ్య ఇసుక కాగితంలా అల్యూమినియాన్ని అరగదీస్తుంది. వేలు పెట్టి చూడండి, బూడిదరంగు మడ్డి వస్తుంది, అది మీ రిమ్మే. డిస్క్ అయితే అరిగేది రోటరు, అంటే చక్రం మధ్యలో తిరిగే పళ్లెం, అది విడిగా మార్చుకోవచ్చు. శ్రీశైలం పోయే ఘాట్‌లో దోమలపెంట దాటి డ్యాం వైపు దిగేటప్పుడు చేతివేళ్లకు కూడా తేడా తెలుస్తుంది (కోతులు ఎప్పుడు అడ్డం వస్తాయో చెప్పలేం, కాబట్టి అక్కడ మంచి బ్రేకు విలాసం కాదు).

హైడ్రాలిక్కా, వైరు డిస్కా? వైరుదైతే ఎక్కడైనా బతికిస్తారు. హైడ్రాలిక్ మెత్తగా, బలంగా పడుతుంది గాని దాంట్లో ఏ ద్రవం ఉందో మీకు కచ్చితంగా తెలిసి ఉండాలి. షిమానో కంపెనీ బ్రేకుల్లో మినరల్ ఆయిల్, శ్రామ్ కంపెనీ రోడ్ బ్రేకుల్లో ఎక్కువగా డాట్ 5.1 అనే ద్రవం. మోటార్ సైకిల్ స్పేర్ల షాపులో దొరికేది డాట్ 3, డాట్ 4. మెకానిక్ "బ్రేక్ ఆయిలే కదా సార్" అని మినరల్ ఆయిల్ బ్రేకులో డాట్ పోశాడా, లోపల రబ్బర్లు ఉబ్బి మొత్తం సెట్టు పోతుంది. లివర్ మీద ఏ ఆయిల్ అని తెలుగులో స్టిక్కరు రాసి అంటించుకోండి, జోకు కాదు. చక్రం తీసి కారులో పెట్టినప్పుడు బ్రేకు నొక్కకండి, ప్యాడ్లు మూసుకుపోయి మళ్లీ రోటరు దూరదు. మడిచిన విజిటింగ్ కార్డు ఒకటి మధ్యలో పెడితే చాలు. చైనుకు ఆయిల్ స్ప్రే కొట్టేటప్పుడు రోటరు మీద గుడ్డ కప్పండి.

ట్యూబ్‌లెస్, హుక్‌లెస్, కరెంటు గేర్లు

ట్యూబ్‌లెస్ మీద నాకు సగం మనసే. సర్కారు తుమ్మ ముళ్లూ పల్లేరు కాయలూ ఉన్న చోట అది దేవుడిలా కాపాడుతుంది, ముల్లు దిగినా లోపల పోసిన సీలెంట్ ద్రవం రంధ్రాన్ని మూసేస్తుంది, మీకు తెలియనే తెలియదు. కానీ మన ఎండలకు సీలెంట్ తొందరగా ఎండిపోతుంది. కంపెనీ డబ్బా మీద ఏం రాసినా మార్చి నుంచి జూన్ దాకా నెలకోసారి చక్రం ఊపి చూడండి, లోపల బొళబొళ వినపడకపోతే పోయాల్సిందే. పంక్చర్ షాపులో మోటార్ సైకిల్‌కు వేసే లావు పురి మన టైరుకు పట్టదు, చిన్న రంధ్రాన్ని పెద్ద చీలిక చేస్తుంది, సైకిల్ కోసమే వచ్చే సన్నవి మీరే పెట్టుకోవాలి. ట్యూబు ఒకటి ఎలాగూ వెంట ఉండాలి. ఆ ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపల గుడ్డ పెట్టి మెల్లగా చుట్టూ తిప్పండి, ఎందుకంటే ఇన్నాళ్లూ సీలెంట్ మూసిన ముళ్లన్నీ లోపలే మొనలు పైకి పెట్టుకుని కూర్చుని ఉంటాయి, ఒక్కటి మిగిలినా కొత్త ట్యూబు పది నిమిషాల్లో పోతుంది.

హుక్‌లెస్ రిమ్ములు, అంటే టైరును పట్టుకునే కొక్కెం అంచు లేనివి, మాత్రం మనకు వద్దు. వాటికి గరిష్ఠం 5 బార్, అంటే దాదాపు 72 పీఎస్ఐ, టైరు కూడా వాటికి పనికొచ్చేదే వేయాలి. దారిలో గేజీ లేని కంప్రెసర్‌తో గాలి కొట్టించుకునే జీవితాలకు ఆ పరిమితి సరిపడదు. టైరు రిమ్ము మీంచి ఊడితే పట్టుకోవడానికి అక్కడ అంచే లేదు.

ఎలక్ట్రానిక్ గేర్లు 2009లో షిమానో డీఐ2గా మార్కెట్లోకి వచ్చినప్పుడు నవ్వినవాళ్లే ఇప్పుడు వాడుతున్నారు, గేరు పడటం నిజంగా అద్భుతం. డబ్బులు ఉంటే కొనుక్కోండి, చార్జింగ్ మర్చిపోని అలవాటు ఉంటే. కానీ మెకానికల్ గేర్లకు విరిగేది వైరు ఒక్కటే. లివర్ లోపల, వైరు తల దగ్గర, ఒక్కో పోగు తెగుతూ వస్తుంది, గేరు పడటానికి రోజురోజుకూ బద్ధకిస్తుందంటే అదే లక్షణం. పూర్తిగా తెగకముందే మార్చండి, తెగి లోపల ఇరుక్కుంటే తీయడం నరకం. గేరు వైరు బ్రేకు వైరు కంటే సన్నం, తల కూడా వేరు, మామూలు సైకిల్ షాపులో ఉండకపోవచ్చు, కాబట్టి ఒకటి చుట్టి బ్యాగులో ఉంచండి.

హ్యాండిల్ లోంచి, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటు) బేరింగుల మధ్య నుంచి వైర్లన్నీ లోపలికి పోయే సైకిళ్లు ఫొటోల్లో బ్రహ్మాండంగా ఉంటాయి. మన దుమ్ముకు, వానకు పై బేరింగు అరిగినప్పుడు దాన్ని మార్చడానికి బ్రేకు పైపులు విప్పి, మళ్లీ బిగించి, గాలి తీయాలి. చిన్న బేరింగుకు ఒక రోజు పని. వద్దు.

2022లో ఇటలీ రేసు మిలాన్-సాన్‌రేమోలో మతేయ్ మొహోరిచ్ సీటు కిందికి దించుకునే డ్రాపర్ పోస్టు పెట్టుకుని చివరి దిగుడులో అందర్నీ వదిలేసి గెలిచాడు, చూడటానికి భలే ఉంటుంది, మన బల్లపరుపు రోడ్ల మీద దాంతో ఏం పని లేదు.

పనికొచ్చే కొత్త టెక్నాలజీ ఏదైనా ఉందంటే నా దృష్టిలో లైట్లు, వెనక బిగించే రాడార్. గార్మిన్ వేరియా లాంటిది 140 మీటర్ల దూరం నుంచి వెనక వచ్చే బండిని పట్టి, దానికి జత చేసిన మీటర్లోనో ఫోన్లోనో బీప్ చేయిస్తుంది, ఎన్‌హెచ్ 65 మీద చౌటుప్పల్ వైపు పోయేవాళ్లకు ఇది ఏ సస్పెన్షన్ కంటేనైనా ఎక్కువ మనశ్శాంతి ఇస్తుంది. ముందు లైటు మంచిది కావాలనడానికి కారణం కోతల కాలం. ఏప్రిల్, మేలో మళ్లీ నవంబరు, డిసెంబరులో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, చీకట్లో అవి కనపడవు, అంచున పెట్టిన రాళ్లు అసలే కనపడవు. వడ్ల మీద సన్న టైరు గోళీల మీద పోయినట్టే పోతుంది. ఎక్కాల్సి వస్తే బ్రేకు వేయకండి, హ్యాండిల్ తిప్పకండి, పెడల్ ఆపి నేరుగా దాటండి. రైతుతో లొల్లి పెట్టుకోకండి, పంటను ఇంకెక్కడ ఆరబెడతాడు.

ఇక కొనే రోజు. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే బేరింగు) మరలతో బిగించే రకమా, కొట్టి దూర్చే ప్రెస్‌ఫిట్ రకమా అడగండి, మరలదే తీసుకోండి, కిర్రు కిర్రు తక్కువ, విప్పడం తేలిక. టైరు క్లియరెన్స్ ఎంత అని అడిగి ఊరుకోకుండా అలెన్ కీ జేబులో పెట్టుకుని పోయి మీరే చూడండి. వెనక గేరు వేలాడే హ్యాంగర్ అని ఒక చిన్న అల్యూమినియం ముక్క ఉంటుంది, సైకిల్ కుడివైపు పడితే ముందు వంగేది అదే, ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం, బయట వెతికితే దొరకడం గగనం. బిల్లు కట్టకముందే అదే మోడల్‌ది ఇంకొకటి అడిగి తీసుకోండి, ఇంటికి పోగానే సీటు కింద బ్యాగులో గేరు వైరు పక్కన పెట్టండి.